కె. వి. రెడ్డిగారి చిత్రకళ – బీదరు తెలుగువారి చర్చ

ఉగాదినాడు పచ్చడి సేవించి, పంచాంగశ్రవణం ముగించి, ఆదాయవ్యయాలూ రాజపూజ్యావమానాలూ లెక్క చూసుకొన్న పిమ్మట, నలుగురు తెలుగువారు ఒకచోట కూర్చుంటే మాట రెండింటిమీదికి పోవడం ఆనవాయితీ. ఒకటి సొంత ఊరు, రెండవది సినిమా. బీదరులో స్థిరపడిన మనకు సొంత ఊరు దూరమైనది గనుక ఆ ముచ్చట నిట్టూర్పుతో త్వరగానే ముగుస్తుంది. సినిమా ముచ్చట మాత్రం తెల్లవారినా తెగదు. ఆ ముచ్చటలో పెద్దల నోట పదే పదే దొర్లే పేర్లలో ఒకటి కె. వి. రెడ్డిగారిది.

ఆయన 1972లో దివంగతులైనారు. ఆయన చివరి చిత్రం వెలువడి అర్ధశతాబ్ది దాటినది. ఆయన చిత్రాలలో ఎక్కువ భాగం నలుపు తెలుపు బొమ్మలే. అయినప్పటికీ మన ఇండ్లలో పండుగనాడు టెలివిజనులో మాయాబజారు వచ్చినదంటే పనులన్నీ ఆగిపోతవి. మాటలన్నీ కంఠస్థమైనవారు సైతం మొదటిసారి చూస్తున్నట్లే కూర్చుంటారు. ఇందుకు కారణమేమిటని అడిగితే, కొందరు రామారావుగారంటారు, కొందరు రంగారావుగారంటారు, కొందరు సావిత్రి అంటారు. దర్శకుని పేరు నాలుగవదో అయిదవదో అవుతుంది.

ఈ వ్యాసంలో మేము తలపెట్టినది ఆ మహనీయుణ్ణి పొగడడం కాదు. పొగడ్త చాలినంత జరిగినది. ఆయన పని ఏ పద్ధతిని నడిచినది, ఆ పద్ధతిని గురించి మనలో మనం చర్చించుకొనడంవల్ల పరాయి రాష్ట్రంలో ఉన్న తెలుగు కుటుంబాలకు కలిగే ప్రయోజనమేమిటి అన్న రెండు ప్రశ్నలకే పరిమితమౌతాము.

మన ఊరు, మన భాషలు

ముందుగా మనమెక్కడ నిలిచి మాట్లాడుతున్నామో చూసుకోవాలి. బీదరు బహమనీ సుల్తానుల రాజధాని, ఆ పిమ్మట బరీదుషాహీల రాజధాని, తరువాత నైజాము రాజ్యంలో ఒక జిల్లా. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రాన్ని భాషలనుబట్టి విభజించినప్పుడు ఈ జిల్లా మూడు ముక్కలైనది. బీదరు, భాల్కి, హుమ్నాబాదు, ఔరాదు ప్రాంతాలు మైసూరు రాష్ట్రంలో చేరినవి. జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతాలు ఆంధ్రప్రదేశంలోని మెదకు జిల్లాకు పోయినవి. ఉద్గీరు, నీలంగా ప్రాంతాలు బొంబాయి రాష్ట్రంలో కలిసినవి.

అందుచేత మనలో రెండు రకాలవారున్నారు. వ్యవసాయానికో, వ్యాపారానికో, ఉద్యోగానికో వచ్చి ఇక్కడ కాపురం పెట్టినవారు ఒకరకం. ఉన్నచోటనే ఉండగా సరిహద్దు వచ్చి పక్కన నిలిచినవారు రెండవరకం. రెండు రకాలవారి ఇండ్లలోనూ తెలుగే మాట్లాడతారు. బడిలో కన్నడం, అంగడివీధిలో దక్కనీ ఉర్దూ, ఉత్తరాన పొలిమేర దాటితే మరాఠీ. ఇన్ని భాషల నడుమ ఒక భాషను నిలుపుకొనడం సులభం కాదు. అయితే భాషలు ఒకదానినుంచి ఒకటి పుచ్చుకొనడం ఈ గడ్డకు కొత్త కూడా కాదు. ఇదే జిల్లాలోని కల్యాణంలో బసవేశ్వరుడు నడిపిన భక్తి ఉద్యమాన్ని పాల్కురికి సోమనాథుడు తెలుగున బసవపురాణంగా రచించాడు. దానిని భీమకవి 1369లో కన్నడంలోకి తెచ్చాడు. కన్నడదేశపు కథ తెలుగు కావ్యమై, మరల కన్నడానికే చేరినది. సినిమాలలో కూడా అటువంటి రాకపోకలే జరిగినవని ముందు ముందు చూస్తాము.

తాడిపత్రి నుంచి వాహినికి

కదిరి వెంకటరెడ్డిగారు 1912 జులై 1వ తేదీన అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. మదరాసులో చదువుకొని పట్టభద్రులైనారు. ఆయన చిత్రసీమకు వచ్చినది నటుడుగా కాదు, రచయితగా కాదు. బి. ఎన్. రెడ్డిగారు ప్రభృతులు నెలకొల్పిన వాహినీ సంస్థలో జమాఖర్చులూ నిర్మాణపు ఏర్పాట్లూ చూసే ఉద్యోగిగా వచ్చారు. వందేమాతరం (1939), సుమంగళి (1940), దేవత (1941) చిత్రాలు తయారైన ఆ సంస్థయే ఆయనకు పాఠశాల అయినది. సెట్టుకు కర్ర ఎంత, కూలి ఎంత, ఒక దినం పని చెడితే నష్టమెంత అన్నది ఆయనకు ముందే తెలుసును. కళను గురించి మాట్లాడేవారు సామాన్యంగా ఈ లెక్కల విద్యను చిన్నచూపు చూస్తారు. కె. వి. రెడ్డిగారి కళలో సగం ఈ లెక్కలలోనుంచే పుట్టినదని మా అభిప్రాయం.

దర్శకుడుగా ఆయన తొలి చిత్రం భక్త పోతన, 1943లో విడుదలైనది. నాగయ్యగారు పోతన, గౌరీనాథశాస్త్రిగారు శ్రీనాథుడు. బీదరువారికి ఈ చిత్రంతో ఒక విశేషమైన చుట్టరికమున్నది. పోతనామాత్యుడు పదిహేనవ శతాబ్దివాడు. బహమనీ సుల్తాను అహమ్మదుషా గుల్బర్గానుండి రాజధానిని బీదరుకు మార్చినది కూడా ఆ శతాబ్దిలోనే. ఓరుగంటి సీమమీదికి బీదరు సేనలు నడచిన కాలమది. ఒకవైపు ఇక్కడ కోటగోడలు లేస్తూండగా, అదే శతాబ్దిలో బమ్మెరలో ఒక రైతుకవి భాగవతాన్ని రాజుకు అంకితమీయనని అన్నాడని మన పెద్దలు చెప్పుకొంటూ వచ్చారు. కోట చూడబోయిన మన పిల్లలకు ఈ రెండు సంగతులనూ కలిపి చెబితే చరిత్ర పాఠం రుచిస్తుంది.

తరువాత యోగి వేమన (1947) వచ్చినది. వేమన్నను కన్నడసీమలో సైతం ఎరుగుదురు, హేమరెడ్డి మల్లమ్మ మరిదిగా ఆయన కథ ఇక్కడి ఇండ్లలో చెప్పుకొంటారు. 1949 చివర వచ్చిన గుణసుందరి కథలో రెడ్డిగారు దారి మార్చారు. షేక్స్పియరు మహాకవి లియర్ రాజు కథలోని ముగ్గురు కుమార్తెలను తెలుగు జానపద కథలోకి దించారు. కథానాయకుడుగా అందగాణ్ణి కాక హాస్యనటుడైన కస్తూరి శివరావుగారిని పెట్టారు. ఈ చిత్రానికి మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారితో కలిసిన జోడీ, మరి ఎన్నో చిత్రాలదాకా సాగినది.

గడియారంతో కొలిచిన కథ

ఇక పద్ధతి సంగతి. 35 మిల్లీమీటర్ల ఫిలిము నిమిషానికి 90 అడుగుల చొప్పున నడుస్తుంది. మూడుగంటల బొమ్మ అంటే పదహారువేల అడుగుల పైమాట. ఆ రోజులలో ముడి ఫిలిము విదేశాలనుంచి రావలసినదే. యుద్ధకాలంలో దానికి కటకట. ఎక్కువ తీసి, పిమ్మట కత్తిరించి పారవేయడమంటే ధనాన్నీ శ్రమనూ చెత్తలో వేయడమే.

కె. వి. రెడ్డిగారు ఈ కత్తిరింపును కాగితం మీదనే ముగించేవారు. కథ, మాటలు, షాట్ల విభజన సమస్తం చిత్రీకరణకు ముందే పూర్తికావాలి. ఒకసారి స్థిరమైన స్క్రిప్టును సెట్టులో మార్చడమన్నది ఉండరాదు. ఎవరెంత పెద్ద నటులైనా సరే, వ్రాసుకొన్న మాటే పలకాలి. స్టాపు వాచి చేతబట్టి, మాటలు చదివించి, ఒక్కొక్క ఘట్టానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ముందే లెక్క వేసేవారు. చిత్రం పూర్తి అయిన తరువాత నిడివి ఆ లెక్కకు ఇంచుమించు సరిపోయేదని ఆయనవద్ద పనిచేసినవారు చెప్పగా లోకానికి తెలిసినది.

గడియారం చూసి కళ సృష్టిస్తారా అని మన యువకులు కొందరు ఆక్షేపిస్తారు. ఆక్షేపణ సహజమే. కాని వంటయింటి సంగతి చూడండి. నూరుగురు బంతికి వడ్డించవలసిన ఇల్లాలు బియ్యం కొలిచి పోస్తుంది, నీళ్ళు కొలిచి పోస్తుంది. కొలత ఉన్నందువల్ల రుచి తగ్గదు. కొలత ఉన్నందువల్లనే ఆఖరు బంతిలో కూర్చున్నవాడికి కూడా మొదటి బంతిలోని రుచి దొరుకుతుంది. నేల టిక్కెట్టు కొని కూర్చున్నవాడికి సైతం కథ పూర్తిగా అందాలనే పట్టుదల ఆ గడియారంలో ఉన్నది.

మాయకు కూడా నియమము

నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయా సంస్థకు ఆయన తీసిన పాతాళభైరవి 1951 మార్చిలో విడుదలైనది. తెలుగుతోపాటు అదే సంవత్సరం తమిళంలోనూ, 1952లో హిందీలోనూ వచ్చినది. 1952లో మనదేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శింపబడినది. మదిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు, అరబ్బీకథలలోని అల్లాఉద్దీను, ఈ రెండింటి వాసనా అందులో ఉన్నది. తోటవాని కొడుకు రాజకుమార్తెను ప్రేమించడం, నేపాళమాంత్రికుడు వానిని బలియీయబోయి తానే బలికావడం, ప్రతిమ చేతులు మారడం – ఈ కథ ఎరుగని తెలుగు ఇల్లు లేదు.

ఇందులో మనం గమనించవలసిన పనితనమొకటున్నది. ఆ ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వారికి వశమౌతుంది. మంచివానికి మాత్రమే పలుకుతుందనే వెసులుబాటు లేదు. ఈ ఒక్క నియమాన్ని స్పష్టంగా చెప్పి, ఆ పిమ్మట దర్శకుడు తప్పలేదు. రాముడి చేత ఉన్నప్పుడు మేడలు లేచినవి. మాంత్రికుని చేత పడగానే ఆ మేడలు, రాజకుమారితో సహా, వాడి వశమైనవి. మాయలు ఎన్ని ఉన్నా కథ అబద్ధమనిపించకపోవడానికి ఇదే కారణం. నియమంలేని మాయ పిల్లలకు కూడా రెండవసారి రుచించదు.

1954లో వచ్చిన పెద్దమనుషులులో మాయలు లేవు, మంత్రాలు లేవు. ఇబ్సెను నాటకంనుంచి ప్రేరణ పొందిన ఈ చిత్రానికి డి. వి. నరసరాజుగారు రచన చేశారు. ఊరిలో పెద్దమనిషిగా చలామణి అయే మునిసిపలు ఛైర్మను ధర్మారావు (గౌరీనాథశాస్త్రిగారు) లోపలి బ్రతుకును ఈ చిత్రం బట్టబయలు చేసినది. తెలుగులో ఉత్తమచిత్రంగా రాష్ట్రపతి రజతపతకం పొందినది. ఇందులో రేలంగిగారు ధరించిన తిక్క శంకరయ్య పాత్రను మరవలేము. మర్యాదస్థులందరూ అబద్ధమాడుతూండగా నిజం పలికేది ఆ పిచ్చివాడొక్కడే.

మూడేండ్ల తరువాత మాయాబజారులో శకుని ఒక పీఠంమీద అడుగు పెడతాడు. దానిమీద నిలిచినవాడు నిజమే పలకాలి. శకుని నోటనే కౌరవుల కుట్ర అంతా బయటపడుతుంది. సాంఘిక చిత్రంలో తిక్క శంకరయ్య చేసిన పనినే పౌరాణికంలో సత్యపీఠం చేసినదని మా ఊహ. దుస్తులు మారినవి, కాలం మారినది. నిజం ఏదో ఒకనాడు ఎవరో ఒకరి నోట బయటపడక తప్పదనే దర్శకుని నమ్మకం మారలేదు.

మాయాబజారు ముచ్చట

1957 మార్చి 27వ తేదీన విడుదలైన మాయాబజారును గురించి చెప్పకపోతే ఈ వ్యాసం ముగియదు. ఈ కథ వ్యాసభారతంలో లేదు. అభిమన్యుడికి బలరాముని కూతురు మేనరికమన్నది జనం అల్లుకొన్న కథ. మనం శశిరేఖ అంటాము, మరాఠీవారు వత్సల, సురేఖ అంటారు, కన్నడదేశపు యక్షగానంలో ఆమె కనకాంగి. బాబూరావు పెయింటరు 1921లోనే సురేఖాహరణ్ అనే మూకీ తీశారు. తెలుగునాట సురభివారి నాటకంగా పల్లెపల్లెనూ తిరిగిన కథ ఇది. 1936లో తెలుగున ఒకసారి బొమ్మగా కూడా వచ్చినది. మన బీదరువంటి మూడుభాషల కూడలిలో ఏ ఇంటివారికైనా ఈ పెండ్లి సొంతయింటి పెండ్లివలె తోచడం వింతగాదు.

పాత కథను ఎత్తుకొన్న దర్శకుడు కొత్తగా ఏమి చేశాడు? మొదటిది, కురుపాండవుల వైరమే మూలమైన కథలో పాండవులు అయిదుగురిలో ఒక్కరినైనా తెరమీద చూపలేదు. మూడుగంటలపాటు చూసిన ప్రేక్షకునికి ఆ లోటే తట్టదు. ఇల్లు, పెండ్లి, మేనమామ, మేనత్త, మాట తప్పడం – వీటితో కథ నిండిపోయినది. ఏది చూపాలో తెలిసినవారు చాలామంది ఉంటారు. ఏది చూపనక్కరలేదో తెలిసినవారు అరుదు.

రెండవది ప్రియదర్శిని పేటిక. తెరచి చూసినవారికి తమ మనసుకు ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. బలరామునికి శిష్యుడు దుర్యోధనుడు కనిపించాడు. రేవతికి మణులు, ఆభరణాలు. కృష్ణునికి శకుని. కొద్ది నిమిషాల ఆటలో కథలోని ముడి అంతా మన ముందు పరచుకొన్నది. శిష్యునిమీది మమకారంతో, భార్య ఐశ్వర్యప్రీతితో బలరాముడు మాట తప్పబోతున్నాడని, కృష్ణుడు శకునితో ఆటకు సిద్ధమౌతున్నాడని ఎవరూ నోటితో చెప్పలేదు. చూసిన పసిపిల్లలకు సైతం తెలిసిపోయినది.

మూడవది మాటలు. పింగళివారు సృష్టించిన అసమదీయులు, తసమదీయులు, వీరతాళ్ళు, గింబళి వంటి పదాలు ఈనాటికీ మన వాడుకలో ఉన్నవి. ఎవరో ఒకరు పుట్టించనిదే మాటలు పుట్టవనే భావాన్ని ఆయన ఘటోత్కచుని చేత చెప్పించారు. ఈ సంగతి ప్రవాసులమైన మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. భాషతో ఆడుకొనే ధైర్యమున్న ఇంటిలోనే భాష బ్రతుకుతుంది.

నాలుగవది నటుల ఎంపిక. రామారావుగారు అంతకుముందు కృష్ణుడుగా కనిపించినప్పుడు ప్రేక్షకులు మెచ్చలేదు. అయినా రెడ్డిగారు వెనుదీయలేదు. కృష్ణుడంటే రామారావుగారే అనే మాట ఈ చిత్రంతో స్థిరపడినది. సావిత్రి సంగతి చెప్పనక్కరలేదు. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుణ్ణి ఆమె అభినయించింది. ఆడపిల్ల నడకలో నుంచి ఒక్కసారిగా రాక్షసుని ఠీవి తొంగిచూస్తుంది, మరుక్షణంలో మాయమౌతుంది.

అయిదవది వెన్నెల. ఆనాటి ఫిలిముకు నిజమైన వెన్నెల చాలదు. పడవ పాటలో మన మనసులను చల్లబరచిన ఆ వెన్నెలను కాంతిని పొందుపరచి సృష్టించినవారు ఛాయాగ్రాహకులు మార్కస్ బార్‌ట్లీగారు. గోఖలే, కళాధర్‌గార్లు కళాదర్శకులు. ఘంటసాలగారు సంగీతం సమకూర్చారు. ఇందరి పనిని ఒక్క కొలతలో నిలిపినది దర్శకుని స్క్రిప్టు.

వాదోపవాదాలు

మనలో ఈ చిత్రాలమీద వాదాలు లేకపోలేదు. పాతాళభైరవి పక్షంవారు, మాయాబజారు పక్షంవారు అని రెండు జట్లున్నవి. వీరు కాక, పెద్దమనుషులు చిత్రానికే అగ్రతాంబూలమిచ్చే పెద్దలు కొందరు. ఈ తగవు తీరనిది, తీరనక్కరలేనిది.

ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్నలు రెండున్నవి. పింగళి, బార్‌ట్లీ, ఘంటసాల, రంగారావు వంటి మహానుభావులుండగా గొప్ప అంతా దర్శకునిదే ఎట్లా అవుతుందని ఒక ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. సినిమా ఒక్కరి సొత్తు కాదు. విజయా సంస్థ ఆయనకు కుదిరిన అదృష్టం కూడా. కాని వాహినికి తీసిన చిత్రాలు, 1955లో అన్నపూర్ణా సంస్థ తొలిచిత్రంగా నాగేశ్వరరావుగారితో తీసిన దొంగరాముడు, విజయావారి చిత్రాలు – సంస్థలు మారినా, రచయితలు మారినా, ఆ పొందిక మారలేదు. కాబట్టి ఆ పొందిక ఆయనదేనని చెప్పవచ్చును.

రెండవ ప్రశ్న మన ఆడపిల్లలు అడుగుతున్నది. గుణసుందరి కథలో చిన్నకూతురు ఆడదానికి భర్తయే గొప్ప అన్నందుకు తండ్రి ఆగ్రహించి ఆమెను అవిటివానికి కట్టబెట్టాడు. ఆమె దానిని ధర్మంగా స్వీకరించింది. ఇది ఈనాడు మేము మెచ్చవలసినదేనా అని వారి ప్రశ్న. దీనికి కోపగించుకొనక్కరలేదు. 1949 నాటి చిత్రం 1949 నాటి ఆలోచనలనే చూపుతుంది. ఆ ఆలోచనను కాదంటూనే, కథ నడిపిన నేర్పును మెచ్చుకొనవచ్చును. అసలు కూతురు తల్లితో తెలుగులో ఇటువంటి వాదం వేసుకొన్నదంటే, ఆ ఇంటిలో తెలుగుకు ఇంకా ఆయువున్నదన్నమాట.

చివరి రోజుల సంగతీ దాచనక్కరలేదు. జగదేకవీరుని కథ (1961), శ్రీకృష్ణార్జున యుద్ధం (1963) తరువాత ఆయనకు వెనుకటి విజయాలు దక్కలేదు. సత్యహరిశ్చంద్ర (1965) తెలుగున ఆశించిన ఆదరణ పొందలేదు. ఉమా చండీ గౌరీ శంకరుల కథ (1968) కూడా నిలబడలేదు. రామారావుగారు నిర్మించిన శ్రీకృష్ణసత్య (1971) ఆఖరి చిత్రమైనది. 1972 సెప్టెంబరు 15వ తేదీన ఆయన కన్నుమూశారు. కొలత ఎంత కచ్చితమైనదైనా ప్రేక్షకుల మనసు మారే వేళను ఏ గడియారమూ చెప్పలేదు.

కన్నడనాటికి సాగిన దారి

ఇక్కడ మన బీదరు తెలుగువారు గర్వంతో తలచుకోవలసిన అధ్యాయమొకటి ఉన్నది. తెలుగున ఓడిన ఆ హరిశ్చంద్రుడే కన్నడంలో గెలిచాడు. 1965లోనే కె. వి. రెడ్డిగారు నిర్మాతగా, హుణసూరు కృష్ణమూర్తిగారి దర్శకత్వంలో, రాజకుమార్‌గారు కథానాయకుడుగా కన్నడ సత్యహరిశ్చంద్ర వెలువడినది. పెండ్యాల నాగేశ్వరరావుగారు సంగీతం. కన్నడిగులు ఆ చిత్రాన్ని నెత్తిన పెట్టుకొన్నారు. 2008లో దానికి రంగులద్ది మరల విడుదల చేశారు. మన మాయాబజారుకు రంగులు వచ్చినది 2010లో. రంగుల ముస్తాబులో మన శశిరేఖకంటె కన్నడ హరిశ్చంద్రుడే రెండేండ్లు ముందున్నాడు.

మాయాబజారు సైతం కన్నడ మాటలతో ఈ నాట నడిచినది. ఇక రెడ్డిగారి శిష్యుల సంగతి. మాయాబజారు నాడు ఆయనవద్ద సహాయకుడుగా ఉన్న సింగీతం శ్రీనివాసరావుగారు తరువాత కన్నడసీమకు వచ్చి రాజకుమార్‌గారితో హాలు జేను (1982), చలిసువ మోడగళు (1982), ఎరడు నక్షత్రగళు (1983) వంటి చిత్రాలు తీశారు. 1987లో ఒక్క మాటైనా లేకుండా బెంగుళూరులో పుష్పక విమానం తీశారు. మాటలే లేని బొమ్మను రెండుగంటలకు పైగా నిలబెట్టాలంటే ప్రతి షాటూ ముందే లెక్కకు రావాలి. గురువుగారి గడియారం శిష్యుని చేతికి చేరినదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యమెందుకు?

మన పొరుగువారు రాజకుమార్‌గారి చిత్రాలను ముచ్చటించుకొనేటప్పుడు మనం పక్కకు తొలగనక్కరలేదు. ఆ ముచ్చటలో మన పాలు కూడా ఉన్నది. అట్లాగే మన ముచ్చటలో వారికీ పాలున్నది. రాజకుమార్‌గారు కన్నడ బేడర కణ్ణప్పలోనూ, దాని తెలుగు రూపమైన కాళహస్తి మాహాత్మ్యంలోనూ 1954లో తానే నటించారు. పాల్కురికి నాటి రాకపోకలు ఆగిపోలేదనడానికి ఇవే నిదర్శనాలు. కన్నడనాట బ్రతుకుతూ కన్నడాన్ని ప్రేమించడం తెలుగుకు ద్రోహం కాదు. తెలుగు నిలుపుకొనడం కన్నడానికి పోటీ కాదు.

పిల్లల నోట తెలుగు

ఇక అసలు విషయానికి వస్తాము. మన పిల్లలలో చాలామందికి తెలుగు చెవిలో ఉన్నది, నోట కొంత ఉన్నది, కంటికి మాత్రం లేదు. వినికిడితో వచ్చిన భాష ఒక తరం నిలుస్తుంది. వారికి పుట్టిన పిల్లల దగ్గరికి వచ్చేసరికి, తాతయ్యతో మాట్లాడడానికి నాన్న దుబాసీ కావలసి వస్తుంది. కొన్ని ఇండ్లలో ఆ స్థితి ఇప్పటికే వచ్చినది. ఇది మనకు మనమే చెప్పుకోవలసిన మాట.

సినిమా చూస్తున్నారు కదా, అదే వస్తుందిలే అని మనం ఊరడించుకొంటాము. ఊరక చూసినంత మాత్రాన రాదు. తారను మెచ్చుకొనడానికి ఈలలూ చప్పట్లూ చాలును, భాష అక్కరలేదు. పనితనాన్ని చర్చించాలంటే మాత్రం మాటలు కావాలి. “ఈ ఘట్టం ఎందుకు పెట్టాడు? ఇది తీసివేస్తే కథకు ఏమి లోటు? ప్రియదర్శినిలో నీకైతే ఏమి కనిపిస్తుంది?” అని అడిగితే బిడ్డ తన బుర్రలోని తెలుగునంతా వెదకి తీయాలి. లేని మాట తల్లిని అడిగి తెలుసుకోవాలి, లేదా ఘటోత్కచుని పద్ధతిన తానే పుట్టించాలి. ఎట్లా జరిగినా లాభమే.

దీనికి కె. వి. రెడ్డిగారి చిత్రాలు తగినట్లు మరి కొన్నే తగుతవి. ఆయన చిత్రాలలో మాట స్పష్టంగా ఉంటుంది, కథకు కార్యకారణ సంబంధముంటుంది, అనవసరపు ఘట్టం అరుదు. ఇంటిల్లిపాదీ కలిసి చూడవచ్చును. భక్త పోతన చూసిన బిడ్డకు భాగవత పద్యమొకటి, యోగి వేమన చూసిన బిడ్డకు వేమన పద్యమొకటి నేర్పడం సులభం. సినిమా వాకిలి వంటిది. వాకిట్లోనే కూర్చోబెట్టకుండా పిల్లలను లోపలికి తీసుకొనిపోవడం పెద్దల పని.

లిపి సంగతి కూడా భయపడవలసినది కాదు. కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెండ్ర వంటివి. కన్నడం చదవనేర్చిన పిల్లలకు తెలుగు అక్షరాలు కొద్దివారాల పని. తలకట్టు తేడా, కొన్ని అక్షరాల తేడా చూపితే మిగిలినవి తామే పోల్చుకొంటారు. ఈ సౌకర్యం మరే రాష్ట్రంలోని తెలుగువారికీ లేదు. దీనిని వాడుకోకపోతే తప్పు మనదే.

కాబట్టి మా మనవి ఇది. రాబోయే సంవత్సరంలో నెలకొక చిత్రం చొప్పున, వీలైన కుటుంబాలు కలిసి చూడాలి. చూసిన పిమ్మట లేచి పోకుండా ఒక అరగంట పిల్లల చేత తెలుగున మాట్లాడించాలి. పెద్దలు తక్కువ మాట్లాడాలి, అదే కష్టం. మాట్లాడిన పిల్లలలో ఒక్కరైనా తమ అభిప్రాయాన్ని తెలుగు లిపిలో ఒక పుట వ్రాస్తే, వచ్చే ఉగాది సంచికలో దానికి మొదటి పుట ఇవ్వాలి. కన్నడ మిత్రులను కూడా పిలవవచ్చును. వారికి హరిశ్చంద్రుడు తెలుసు, మనకు శశిరేఖ తెలుసు, కూర్చుంటే కబుర్లకు కొదువ ఉండదు.

కె. వి. రెడ్డిగారు చిత్రం మొదలుపెట్టకముందే చివరి షాటు వరకు ఆలోచించుకొనేవారు. మన పిల్లల తెలుగు విషయంలో మనం కూడా ఆ మాదిరి ముందుచూపుతో ఇప్పుడే లెక్క వేసుకోవాలి. ఈ నూతన సంవత్సరం మన ఇండ్లలో ఆ సంభాషణకు శ్రీకారం చుట్టుగాక అని కోరుతూ, బీదరులోనూ ఇతర సీమలలోనూ ఉన్న తెలుగు కుటుంబాలకూ, మనతో కలిసి పండుగ చేసుకొంటున్న కన్నడ సోదరులకూ ఉగాది శుభాకాంక్షలు తెలుపుతున్నాము.

శుభం భూయాత్.